మూడు నిమిషాల అవధానం

2022వ సంవత్సరం ఏప్రిల్ 10వ తేదీన మేమంతా శ్రీరామనవమి జరుపుకున్నాము. పానకం పంచి, పందిరి విప్పి, గుండిగలు తోమి బోర్లించి ఇండ్లకు చేరాము. ఆ మరునాడే క్వాజులు-నటాల్ తీరమంతటా కుండపోతగా వాన కురిసింది. రెండు దినాలలో కొండవాలు మీది ఇండ్లు జారిపోయాయి, వంతెనలు కొట్టుకుపోయాయి, నాలుగు వందలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. టొంగాట్ పట్టణంలో నీటిశుద్ధి కేంద్రం దెబ్బతిని, నెలల తరబడి కుళాయిలలో నీరు రాలేదు. బోర్లించిన గుండిగలనే తిప్పి మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించాము.

ఆ దినాలలో మా గుడి వంటశాలలో ఎవరు ఏ పని చేయాలని ఎవరూ నిర్ణయించలేదు. బియ్యం ఎవరు తెచ్చారో, పప్పు ఎవరు పోశారో లెక్క లేదు. తెలుగువారు, తమిళులు, హిందీవారు, పొరుగున ఉన్న జూలూ కుటుంబాలవారు ఒకే వరుసలో నిలిచి పొట్లాలు కట్టారు. ఎదుటివారికి చేయి నొప్పి పుట్టిందని వారు చెప్పకముందే తెడ్డు అందుకునేవారు. ఎవరి తెలుగు ఎంత శుద్ధమో చూసే తీరిక ఎవరికీ లేదు.

ఆ బృందమే, ఏడాది తిరగకముందే, 2023 శ్రీరామనవమి ఏర్పాట్ల సమావేశంలో ఒకరి ముఖం ఒకరు చూడలేని స్థితికి వచ్చింది. కారణాలు చెప్పుకోవడానికి సిగ్గుపడేంత చిన్నవి. కల్యాణానికి వ్యాఖ్యానం తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులోనా? మైకు ఎవరి చేతిలో ఉండాలి? వాట్సాప్‌లో యువకులు నిర్ణయించుకున్నది నిర్ణయమేనా? పెద్దలు తెలుగు మాత్రమే అన్నారు. వారిలో చాలామందికి తెలుగు చదవడం రాదు. యువకులు ఇంగ్లీషు కూడా కావాలన్నారు. వారిలో ముగ్గురు మా సాయంత్రపు తెలుగు తరగతికి ఒక్క వారమైనా తప్పక వచ్చేవారు. వరదలో కలిసిన చేతులు మామూలు దినాలలో ఎందుకు విడిపోతాయన్నది అప్పుడు మమ్మల్ని పట్టుకున్న ప్రశ్న.

ఆ విడిపోవడంలో మా పాలు కూడా ఉన్నది. దానిని దాచితే ఈ వ్యాసం వ్రాయడం వృథా.

వ్యాఖ్యానం చదవడానికి ఇరవైరెండేండ్ల అమ్మాయి ఒకతె ముందుకు వచ్చింది. ఔషధశాలలో పని నేర్చుకుంటున్నది. తానే వ్రాసుకున్న నాలుగు వాక్యాలను అభ్యాసానికని మైకులో చదువుతూ 'సీతారాముల పెల్లి' అన్నది. మేము ఆపి, 'పెళ్ళి' అన్నాము. ఆమె మళ్ళీ 'పెల్లి' అన్నది. మళ్ళీ ఆపాము. మూడవసారి, నాలుకను ఎక్కడ మడవాలో చేతితో అభినయించి చూపాము. వెనుక కుర్చీలలో ఎవరో నవ్వారు. ముప్పై ఐదేండ్లు బడిలో పాఠాలు చెప్పిన మాకు ఆ నవ్వు ఎటువంటిదో తెలియకపోలేదు. తెలిసీ ఆగలేదు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకొని వెళ్ళిపోయింది. రెండు వారాలు తరగతికి రాలేదు. ఫోను చేసి 'తరగతికి రామ్మా' అన్నాము గాని, క్షమించమని అనలేదు.

ఇది ఇట్లుండగా, బీమా కంపెనీలో ఉద్యోగం చేసే మా శిష్యుడొకడు ఒక ఉపాయం చెప్పాడు. వారి కార్యాలయంలో వారానికొకసారి పనివారందరినీ కూర్చోబెట్టి ఐదు నిమిషాలు శ్వాసను గమనింపజేస్తారట. తరువాత చిన్న చిన్న ఆటలు ఆడిస్తారట. దానివలన ఒకరి కష్టం ఒకరికి తెలుస్తుందట. మన గుడి బృందంతో కూడా చేద్దామన్నాడు.

మాకు మొదట నవ్వు వచ్చింది. ఐదేండ్ల గిరిమిట్టు మీద చెరకుతోటలలో పనిచేసినవారి సంతతి వారము. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 342 మందితో ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. 1911లో ఆ పద్ధతి ముగిసేసరికి అట్లా వచ్చినవారు 1,52,184 మంది. యజమానులు పనివారి మనసుల మీద దయ చూపుతున్నారని ఎవరైనా చెబితే, ముందుగా పని గంటలు పెరిగాయా అని అడగడం మా రక్తంలో ఉన్న అలవాటు. ఇప్పటికీ ఆ అనుమానం పూర్తిగా పోలేదు. జీతం పెంచవలసిన చోట ధ్యానం నేర్పితే అది మోసమే.

అయినా గుడిలో జీతాలు లేవు కదా అని చదివి చూశాము. ఈ పద్ధతులకు మూలాలు మేము అనుకున్నదానికన్నా గౌరవమైనవి. పాళీ భాషలో 'సతి', సంస్కృతంలో 'స్మృతి' అనే బౌద్ధ సాధనను జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలోని మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, నొప్పితో బాధపడే రోగులకోసం ఎనిమిది వారాల శిక్షణగా మలిచారు. ఆటల సంగతి మరొకటి. చికాగోలో వయోలా స్పోలిన్ అనే రంగస్థల ఉపాధ్యాయిని 1930ల చివర, వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలకు నాటకం నేర్పవలసి వచ్చింది. ఒకరి భాష ఒకరికి రాని పిల్లలు. ఉపన్యాసం పనికిరాదని గ్రహించి ఆమె ఆటలు కల్పించారు. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఒకరు కదిలినట్లే మరొకరు అద్దంలో బింబంవలె కదలడం వాటిలో ఒకటి. ఆ ఆటలతో 1963లో ఆమె పుస్తకం వెలువడింది. భాష పోగొట్టుకున్న వలసదారుల మనుమలకు ఇది పనికిరాదని ఎట్లా అనగలము?

మా తరగతిలో రెండు మాటలను వేరు చేసి వాడతాము. ఎదుటివారి కష్టానికి జాలిపడితే సానుభూతి. ఆ కష్టం వారికి లోపలినుండి ఎట్లా ఉంటుందో కొంతైనా మనం అనుభవిస్తే సహానుభూతి. నిఘంటువులలో ఈ రెండూ ఇరుగుపొరుగు ఇండ్లవలె ఉంటాయి. పిల్లలకు అర్థం కావడానికి మేము మధ్యలో గోడ కట్టాము. మాకు కావలసింది రెండవది.

మొదటి శనివారం ఇరవైమందిమి హాలులో కూర్చున్నాము. ఐదు నిమిషాల మౌనం అని ప్రకటించాము. రెండు నిమిషాలు కాకముందే వంటశాల నడిపే పెద్దమ్మ లేచి నిలబడింది.

"మాస్టారూ, నలభై ఏండ్లుగా ఆ వంటింట్లో మౌనంగానే ఉన్నానండీ. ఇంకో అయిదు నిమిషాలుంటే నాకేం తెలుస్తుంది? అంతగా నా కష్టం తెలుసుకోవాలంటే మీలో ఒకరు వచ్చి గుండిగ తోమండి."

హాలంతా నవ్వింది, ఆమె నవ్వలేదు. మాకు ఆ మాటలో ఉన్న న్యాయం వెంటనే అర్థమైందని చెప్పుకోలేము. ఇంటికి వెళ్ళిన తరువాత అర్థమైంది. మౌనం ఎక్కువగా మాట్లాడేవారికి మందు. ఎన్నడూ మాట వినిపించుకోనివారికి మౌనం కొత్త శిక్షణ కాదు, పాత శిక్ష. ఆ వారం నుండి కార్యవర్గంలోని మగవారు వంతుల ప్రకారం గుండిగలు తోమాలని, పెద్దమ్మ సమావేశంలో మొదట మాట్లాడాలని ఏర్పాటు చేశాము. కోశాధికారి మొదటి వంతు తోమి, నడుము పట్టుకొని బయటికి వచ్చి, వేడినీళ్ళ గొట్టం కోసం పెద్దమ్మ మూడేండ్లుగా అడుగుతున్న డబ్బును మంజూరు చేయించాడు. ఏ ధ్యానమూ అంత త్వరగా ఫలించలేదు.

రెండవ శనివారం మేము ఎంతో ఆశ పెట్టుకున్న ప్రయత్నం చెడిపోయింది. ఓడల జాబితాలు మన వారందరికీ తెలిసినవే: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, గ్రామం, దేహం మీది గుర్తులు. తలా ఒక వరుస ఇచ్చి, ఆ మనిషిగా ఒక దినాన్ని ఊహించి చెప్పమన్నాము. అందరూ ఏడ్చారు. ఏడ్చిన తరువాత, ఎవరి ముత్తాత ఎక్కువ కష్టపడ్డాడన్న వాదం మొదలైంది. నూరేండ్ల క్రితం పోయినవారికోసం కన్నీరు కార్చడం సులభమే. వారు మన సమావేశాలకు వచ్చి మైకు అడగరు. ఆ కాగితాలను మళ్ళీ పెట్టెలో పెట్టేశాము.

మూడవ శనివారం ఆ అమ్మాయి వచ్చింది. పెద్దమ్మ చేయి పట్టుకొని తీసుకువచ్చింది. మేము ఏమీ అడుగలేదు.

ఆ సాయంత్రం కళ్ళగంతలు ఆడాము. మన అవ్వలు వాకిట ఆడిన ఆటే, కాస్త మార్చి. ఒకరి కళ్ళకు గుడ్డ కడతాము. జతగాడు తాకకుండా, మాటలతో మాత్రమే, కుర్చీల మధ్య నుండి ఆ కొసకు నడిపించాలి. వాడదగిన మాటలు నాలుగే: కుడి, ఎడమ, ముందుకు, ఆగండి. చీట్లు వేశాము. మా చీటీకి ఆ అమ్మాయి చీటీ జతగా వచ్చింది. మేము చేసిన ఏర్పాటు కాదు. పెద్దమ్మ చీట్లు తీసింది గనుక ఆమె చేసిన ఏర్పాటో ఏమో చెప్పలేము.

గుడ్డ కట్టగానే మాకు భయం వేసింది. ఇరవైయేండ్లుగా తిరిగిన హాలు అది. ఏ పలక ఎక్కడ పగిలిందో తెలుసు. అయినా మొదటి అడుగు పడలేదు. "ముందుకు" అన్నది ఆమె, చిన్న గొంతుతో. నడిచాము. "ఎడమ" అన్నది. ఎడమకు తిరిగాము. మోకాలు బెంచీకి గట్టిగా తగిలింది. కుడి, ఎడమ ఆమెకు తారుమారయ్యాయి.

హాలు నిశ్శబ్దమైపోయింది. ఆమె ఊపిరి బిగపట్టిన చప్పుడు కూడా మాకు వినిపించింది. కళ్ళు కనిపించనప్పుడు చెవులు ఎంత పదునెక్కుతాయో! మాస్టారు ఇప్పుడేమంటారో అని ఇరవైమంది ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపు ఎంత బరువో, మైకు ముందు ఆమె మోసినది అదేనని, మోకాలు నొప్పితో పాటు తెలిసింది. మేము నవ్వాము. "ఇంకోసారి చెప్పమ్మా, మెల్లగా" అన్నాము. ఆమె తన కుడిచేతి గాజును తడుముకున్నట్లు గలగల వినిపించింది. తరువాత ఒక్క మాట కూడా తప్పలేదు. అవతలి కొసకు చేరి గుడ్డ విప్పుకునేసరికి ఆమె మా మోకాలు వైపు చూస్తున్నది.

ఇక నాలుగవ శనివారం సంగతి. పాశ్చాత్యుల దగ్గర నేర్చుకున్నది చాలు, మన దగ్గర ఏమీ లేదా అని ఆలోచిస్తుండగా అవధానం గుర్తుకు వచ్చింది. తెలుగువారు ప్రత్యేకంగా పెంచుకున్న కళ అది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుండి అడుగుతూ ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలను నిషేధిస్తారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో దారి తప్పించజూస్తారు. కొన్నిచోట్ల గంటలు కొడుతూ, ఎన్ని కొట్టారో చివర చెప్పమంటారు. అవధాని దేనినీ వదలక, ఎవరినీ కసరక, అన్నింటికీ బదులివ్వాలి. తిరుపతి వేంకట కవులు ఈ కళతోనే ఊరూరా కీర్తి గడించారు. మనసు పెట్టడమే అవధానం. మైండ్‌ఫుల్‌నెస్‌కు తెలుగు మాట ఏమిటని శిష్యులు అడుగుతూ ఉంటారు. సగం జవాబు ఇందులోనే ఉన్నది.

పద్యం చెప్పే శక్తి మాకు లేదు. అందుచేత ఆటను చిన్నది చేశాము. నలుగురు కూర్చుంటారు. ఒకరు మూడు నిమిషాలు తమను బాధించిన ఒక సంగతి చెబుతారు. ఒకరు వింటారు. ఒకరు అప్పుడప్పుడు గంట కొడతారు. ఒకరు మధ్యలో 'సమోసా ధర ఎంత?' వంటి ప్రశ్నలు వేస్తారు. వినేవారు రెండు మాటలలో మర్యాదగా బదులిచ్చి మళ్ళీ వినడానికి తిరిగి రావాలి. మూడు నిమిషాలు ముగిశాక, విన్నవారు ఎన్ని గంటలు కొట్టారో చెప్పి, విన్న కథను 'నేను' అంటూ, చెప్పినవారి నోటితో తిరిగి చెప్పాలి. సలహా ఇవ్వకూడదు. సవరించకూడదు. ఇంట్లో గంట లేకపోతే గ్లాసు మీద చెంచాతో కొట్టవచ్చు; పిల్లలకు అడ్డుప్రశ్నల వంతు వస్తే పండుగే.

మా నలుగురిలో గంట పెద్దమ్మది. అడ్డుప్రశ్నలు బీమా కంపెనీ అబ్బాయివి. చెప్పేది ఆ అమ్మాయి. వినేది మేము.

ఆమె సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెప్పింది. చిన్నప్పుడు తల్లిదండ్రులు పనికి వెళితే అవ్వ దగ్గర ఉండేది. బడికి పంపే ముందు అవ్వ జడ అల్లుతూ తెలుగులో మాట్లాడేది. జడ అల్లడం అయిపోగానే మాటలు అయిపోయేవి. మిగిలిన దినమంతా ఇంగ్లీషే. తనకు వచ్చిన తెలుగంతా ఆ జడ పొడవంత అన్నది. "నీ పెల్లికి నేనుంటానో లేదో" అని అవ్వ ప్రతిదినం అనేది. అవ్వ ఉండలేదు. ఆమె పోయిన తరువాత ఇంట్లో ఆ మాట ఎవరూ పలకలేదు. మొన్న కాగితం మీద ఆ మాట వ్రాసుకున్నప్పుడు సంతోషం కలిగింది. మైకులో చదివినప్పుడు అవ్వ గొంతు విన్నట్లే ఉన్నది. తప్పు అన్నారు. మూడుసార్లు.

అబ్బాయి అడ్డుప్రశ్న మరిచిపోయాడు. పెద్దమ్మ గంట కొట్టడం మానలేదు. తొమ్మిది గంటలు.

తరువాత మా వంతు. జూలూ భాషలో పలకరింపు 'సవుబోన'. 'మేము నిన్ను చూస్తున్నాము' అని దాని భావం. పలికేవారు ఒక్కరే అయినా అందులో 'మేము' ఉన్నది. మా తరం ఉపాధ్యాయులకు కూడా 'మేము' అనడం అలవాటైపోయింది. ఈ వ్యాసమంతా మీరు గమనించే ఉంటారు. దానిలో మర్యాద ఎంతో, దాక్కోవడం కూడా అంతే ఉన్నది. ఆ సాయంత్రం చాలా కాలానికి 'నేను' అని మొదలుపెట్టాము, అదీ మరొకరి బదులు. నేను అవ్వ ముందు కూర్చునేదానిని, అవ్వ జడ అల్లేది, అంటూ చెప్పుకుంటూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగిపోయాము.

నాలుక తనంతట తానే వెనుకకు మడుచుకుంటున్నది. సవరించకూడదని నియమం పెట్టింది మేమే. ఆగిన ఆ క్షణంలో మా సొంత అవ్వ గుర్తుకు వచ్చింది. విశాఖపట్నం జిల్లా నుండి వచ్చిన కుటుంబం. ఆమె కూడా 'పెల్లి' అనేది. 'నీల్లు' అనేది, 'కల్లు' అనేది. నీళ్ళను, కళ్ళను అట్లాగే పిలిచేది. ఉత్తరాంధ్ర పలుకుబడిలో చాలామంది అట్లాగే పలుకుతారని తరువాత చదివాము. మా నోటికి ళకారం వచ్చింది నలభై ఒకటవ ఏట, సాయంత్రపు తరగతిలో, పుస్తకం చూసి. ఆ అమ్మాయిని మూడుసార్లు ఆపిన దినాన మేము ఎవరిని ఆపామో అప్పటిదాకా తెలియలేదు.

"నీ పెల్లికి నేనుంటానో లేదో" అన్నాము.

పెద్దమ్మ గంటను ఒడిలో పెట్టుకున్నది. అమ్మాయి తల వంచుకున్నది. ఆట ముగిసిన తరువాత, అందరి ఎదుట అవమానించాము గనుక అందరి ఎదుటే, ఆ దినం మేము చేసినది తప్పని చెప్పాము. ఆమె కొంచెంసేపు ఆలోచించింది.

"నాకు ళ కూడా నేర్పండి మాస్టారూ. కానీ మైకులో కాదు."

ఇప్పుడు తరగతిలో రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన వ్రాస్తాము: ఇది పుస్తకానిది, ఇది అవ్వది. ఏది ఎక్కడ వాడాలో పిల్లలే త్వరగా గ్రహిస్తారు.

ఆటలతో అన్నీ చక్కబడ్డాయని అనుకోకండి. వ్యాఖ్యానం భాష గురించి వాదం ఇంకా సాగుతూనే ఉన్నది. రెండు భాషలలో పెడితే కార్యక్రమం సాగదీస్తున్నారని ఇరుపక్షాలూ కలిసి విసుక్కుంటున్నారు. కార్యవర్గ సభ్యుడొకరు ఇదంతా చిన్నపిల్లల వ్యవహారమని మానుకున్నారు. మౌనం మాత్రం సమావేశానికి ముందు ఒక్క నిమిషానికి తగ్గింది, పెద్దమ్మ అనుమతితో.

మార్చి 30న శ్రీరామనవమి వచ్చింది. కల్యాణ సమయానికి అమ్మాయి మైకు అందుకున్నదట. 'పెళ్ళి' అన్నదో 'పెల్లి' అన్నదో మాకు తెలియదు. ఆ పూట గుండిగలు తోమే వంతు మాది. గొట్టం నుండి వేడినీళ్ళు పెద్ద చప్పుడుతో పడుతున్నాయి.